అడగండి, చెబుతాను: మీ ఇంట్లో స్విట్జర్లాండ్ ఎవరు?

ప్రశ్న: పహల్గాంలో 26 మందిని పొట్టనపెట్టుకున్న తరవాత కూడా ఢిల్లీలో పాకిస్తాన్ హైకమిషన్ నడుస్తూనే ఉంది. ఇస్లామాబాదులో మనదీ ఉంది. ఇలాంటి దేశంతో దౌత్య సంబంధాలు పూర్తిగా తెంచుకోవాలని నేను, కూడదని మా నాన్నగారు. వాదన ముదిరి నాలుగు రోజులుగా మాకు మాటలు లేవు. ఏది చెప్పాలన్నా అమ్మ ద్వారానే. మీరే తీర్పు చెప్పండి.
ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: తీర్పు మీ నాన్నగారి పక్షాన. అయితే మీ కోపంలో తప్పు లేదు. ఆ కోపం రాని మనిషిని నేను నమ్మను. శ్రీకృష్ణ రాయబారం పద్యం ఎత్తుకుంటానని అనుకున్నారేమో. ఆ రాయబారం విఫలమైంది కనుక నా వాదనకు పనికిరాదు.

తెంచుకుంటే ఎలా ఉంటుందో చిన్నప్పుడే చూశాను. 1971 డిసెంబరు 6న మనం బంగ్లాదేశ్‌ను గుర్తించగానే పాకిస్తాన్ మనతో సంబంధాలు తెంచుకుంది. 1965 యుద్ధంలో కూడా తెగని తాడు అప్పుడు తెగింది. నాకు పదమూడేళ్లు. మలక్‌పేటలో మా పెరటి గోడకు అవతల ఒక పెద్దావిడ ఉండేది. ఖాలా అని పిలిచేవాణ్ణి. వాళ్ల అక్క పోలీసు చర్య తరవాత కరాచీ వెళ్లి, అక్కడి హైదరాబాద్ కాలనీలో స్థిరపడింది. తల్లి కూడా పెద్ద కూతురి దగ్గరే. యుద్ధంతో టపా ఆగిపోయింది. అప్పటినుంచి ఖాలా ఉర్దూలో ఉత్తరం రాసి లండన్‌లో ఉన్న మేనల్లుడికి పంపేది. అతను దాన్ని వేరే కవరులో పెట్టి కరాచీకి వేసేవాడు. జవాబు కూడా అదే దారిన రావాలి. కవరు మీద లండన్ చిరునామా ఇంగ్లీషులో రాయడం నా పని. తిరుగు కవరు మీది రాణి బొమ్మ స్టాంపు నా కూలి.

1973 ఎండాకాలంలో ఒక కవరు వచ్చింది. పోస్టుమాన్‌ను చూసి గోడ దూకి వెళ్లాను. ఆవిడ ఇంకా చదువుతూనే ఉంది. స్టాంపు ఇవ్వమన్నాను. చదవడం ఆపి, కవరు మూల జాగ్రత్తగా చింపి నా చేతిలో పెట్టింది. వాళ్లమ్మ పోయి అప్పటికి రెండున్నర నెలలైందని సాయంత్రం మా అమ్మ చెబితే తెలిసింది. నలభయ్యో రోజు కూడా అక్కడ జరిగిపోయింది. ఆ స్టాంపు నా ఆల్బంలో ఇప్పటికీ ఉంది, అంటించలేదు.

ఉత్తరాల దారి 1974లో తెరుచుకుంది. రాయబార కార్యాలయాల తలుపులు తెరుచుకోవడానికి మాత్రం 1976 జూలై దాకా పట్టింది. సిమ్లా ఒప్పందం మీద సంతకాలు 1972 జూలైలోనే అయ్యాయని మరిచిపోకండి.

పోనీ, ఆ నాలుగున్నరేళ్లూ అవతలివాళ్లతో పని లేకుండా గడిచిందా? లేదు. రెండు పక్షాల పనులనూ స్విట్జర్లాండ్ చూసిపెట్టింది. సంబంధాలు తెగినప్పుడు భవనాల బాధ్యతను, తమవాళ్ల బాగోగులను మూడో దేశానికి అప్పగించవచ్చని 1961 నాటి వియన్నా ఒప్పందంలోనే ఉంది, 45వ అధికరణం. మీ ఇంట్లో ప్రస్తుతం ఆ ఉద్యోగం మీ అమ్మగారు చేస్తున్నారు. జీతం లేకుండా.

ఇక మన తెలుగువాళ్ల సంగతి. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కు పట్టుబడి కరాచీ జైలులో పడ్డారు. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళం జిల్లావారు. 2019 ఆగస్టులో, 370వ అధికరణం గొడవలో, పాకిస్తాన్ మన హైకమిషనర్‌ను వెళ్లిపొమ్మంది. వ్యాపారం ఆపింది, రైళ్లు ఆపింది. అయినా 2020 జనవరి 6న 20 మంది వాఘా దాటి వచ్చారు. హైకమిషనర్ లేకపోయినా హైకమిషన్ ఉంది మరి. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఎవరి జైళ్లలో అవతలి దేశంవాళ్లు ఎందరున్నారో రెండు ప్రభుత్వాలూ జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. జాబితాలో పేరుంటే సరిపోదు. మన అధికారి జైలుకు వెళ్లి మనిషిని కలవాలి, ఇక్కడ ఊరూ పేరూ సరిచూడాలి, 'ఇతను మావాడే' అని ప్రభుత్వం చెప్పాలి. బోర్డు పీకేసుకుని వస్తే ఈ పని ఎవరు చేస్తారు? స్విట్జర్లాండ్ రాజధాని బెర్న్ నుంచి వచ్చిన పెద్దమనిషికి శ్రీకాకుళం ఎక్కడుందో చెప్పడంతో మొదలుపెట్టాలి.

అక్కడ కూర్చుని గూఢచర్యం చేస్తారు కదా అంటారు. చేస్తారు. దానికి మందు వేరే ఉంది, అదే ఒప్పందంలోని 9వ అధికరణం: కారణం చెప్పనక్కరలేదు, 'ఈయన మాకు వద్దు' అంటే చాలు. 2025 మే 13న పాకిస్తాన్ హైకమిషన్ ఉద్యోగి ఒకరిని, 21న మరొకరిని మన ప్రభుత్వం 24 గంటల్లో దేశం విడిచి వెళ్లమంది. అంతకుముందే, పహల్గాం మర్నాడు, సైనిక సలహాదారులను పంపేసి, సిబ్బందిని 55 నుంచి 30కి కుదించాలని నిర్ణయించింది. కోపం చూపించడానికి ఇన్ని మెట్లున్నాయి. ఒకేసారి ఆఖరి మెట్టు ఎక్కేస్తే, రేపు ఇంతకంటే ఘోరం జరిగిన రోజున ఏం చేస్తాం?

ఒక్క విషయం మీ పక్షాన చెప్పాలి. మే 10న కాల్పులు ఆగింది హైకమిషన్ల వల్ల కాదు, రెండు సైన్యాల కార్యకలాపాల అధిపతులు ఫోనులో మాట్లాడుకోవడం వల్ల. నాతో పాటు పాఠాలు చెప్పిన మిత్రుడొకరు దీన్నే పట్టుకుని 'ఫోను ఒక్కటి చాలదా' అంటారు. కాల్పుల వరకు చాలు. ఆగస్టులో, జమ్మూ నుంచి పాకిస్తాన్‌లోకి పారే తావి నది పొంగినప్పుడు ఆ ఫోను పనికిరాలేదు. సింధు జలాల ఒప్పందాన్ని మనమే పక్కన పెట్టాం కనుక, దాని కింద నదుల కబురు పంపే దారీ లేదు. ఇస్లామాబాదులోని మన హైకమిషన్ ద్వారానే వరద హెచ్చరిక పంపాం. ఎందుకు పంపాలని మీరు అడుగుతారు. ఆ ఏటి ఒడ్డున నిద్రపోతున్నవాడు పహల్గాంకు రాలేదు కనుక.

ఎన్నడూ తెంచుకోకూడదని కాదు. 1984 ఏప్రిల్‌లో లండన్‌లో లిబియా రాయబార కార్యాలయం లోపలినుంచే కాల్పులు జరిగి ఒక మహిళా పోలీసు చనిపోయింది. బ్రిటన్ అయిదు రోజుల్లో తెంచుకుంది. నేనైనా అదే చేసేవాణ్ణి.

ఈ రాత్రికి నాన్నగారిని భోజనానికి మీరే పిలవండి.

ప్రశ్న: చైనాలో మన ప్రతినిధిని రాయబారి అంటున్నాం, పాకిస్తాన్‌లో హైకమిషనర్ అంటున్నాం. ఎందుకు?
డిగ్రీ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కామన్వెల్త్ దేశాలు ఒకదానికొకటి పంపుకునేవారిని హైకమిషనర్ అంటారు. హోదా ఒకటే. పాకిస్తాన్ 1972లో కామన్వెల్త్ నుంచి బయటికి వెళ్లి 1989లో తిరిగి వచ్చింది. అందుకే 1976లో మనం పంపినాయన రాయబారి.

ప్రశ్న: అమెరికాకూ ఇరాన్‌కూ సంబంధాలే లేవంటారు. మరి మన ఊళ్లో ఇద్దరి కాన్సులేట్లూ ఉన్నాయి కదా?
ఒక గృహిణి, బేగంపేట

జవాబు: వాళ్ల గొడవ వాళ్లది, ఇద్దరికీ మనతో సంబంధాలున్నాయి. ఒకటి నానక్‌రామ్‌గూడలో, రెండోది బంజారాహిల్స్‌లో. వాళ్లిద్దరి మధ్య 1980లో తెగింది. అప్పటినుంచి టెహరాన్‌లో అమెరికా పనులు చూసేది మన పాత పరిచయం స్విట్జర్లాండే. వాషింగ్టన్‌లో ఇరాన్ పనులు చూసే బాధ్యత 1992లో ఎవరు తీసుకున్నారో తెలుసా? పాకిస్తాన్. ఉప్పల్ పాఠకుడికి మాత్రం చెప్పకండి.