మూడు అంకెలు, ఒకటే ఎండ

ప్రశ్న: నర్సంపేట దగ్గర మాకు మూడెకరాల మక్క ఉంది, డ్రిప్ పెట్టాం. మార్చిలో ఒకే రోజుకి సౌర వికిరణం (నేల మీద పడే ఎండ శక్తి) ఒక యాప్‌లో 6.2, ఇంకోదాంట్లో 22.4, ఒక వెబ్‌సైట్‌లో 259 చూపించాయి. దేన్ని నమ్మాలి? మా రేకుల షెడ్డు మీద వాతావరణం కొలిచే పెట్టె ఉంది, అది చూపే వేడిమితో లెక్క కడితే పంటకి పెట్టాల్సిన నీళ్లు మరీ ఎక్కువ వస్తున్నాయి. రెండో యాప్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది, మెసేజ్‌లు చూసే అనుమతి అడిగితే ఇచ్చాను.

జవాబు: మూడూ ఒకటే ఎండ. చదరపు మీటరుకి 6.2 కిలోవాట్ అవర్లను 3.6తో హెచ్చిస్తే దాదాపు 22.4 మెగాజౌళ్లు. 259 అనేది వాట్లలో, రాత్రి సున్నాలు కూడా కలిపిన 24 గంటల సగటు. దాన్ని 0.0864తో హెచ్చించినా అదే వస్తుంది. ఇదే ప్రశ్న వారం వారం వస్తోంది. అంకె పక్కన యూనిట్ రాయని యాప్‌ను రైతు చేతిలో పెట్టడం నా దృష్టిలో తప్పే. తెరమీద మబ్బు బొమ్మకి చోటు దొరుకుతుంది, యూనిట్‌కి దొరకదు!

ఇక పెట్టె సంగతి. వికిరణం కొలిచే సెన్సర్ లేనప్పుడు పగటి, రాత్రి వేడిమి తేడాను బట్టి అంచనా వేస్తారు. ఆకాశం తేటగా ఉంటే తేడా పెరుగుతుంది, మబ్బు పడితే తగ్గుతుంది. గరిష్ఠం 37 డిగ్రీలు, కనిష్ఠం 21 అనుకోండి. తేడా 16, వర్గమూలం 4. దాన్ని 0.16తోనూ (సముద్రానికి దూరంగా ఉన్న చోట్ల వాడే గుణకం), మన అక్షాంశంలో మార్చి నెలకి వాతావరణం పైన పడే 35 మెగాజౌళ్లతోనూ హెచ్చిస్తే 22.4. వేడిమిని బట్టి ఆవిరయ్యే నీటిని అంచనా వేసే హార్‌గ్రీవ్స్ సూత్రంలో ఇవే వేస్తే ఆవిరయ్యే నీరు రోజుకి 6.1 మిల్లీమీటర్లు. రేకు వేడికి మీ పెట్టె 37కి బదులు 42 చూపిస్తే అది 7.4 అవుతుంది. ఎకరానికి రోజూ ఐదు వేల లీటర్లు అదనం! ఆ నీళ్లు మీ బోరులోవే కదా. పెట్టెను షెడ్డు మీంచి దింపి, గడ్డి నేల మీద నిలువెత్తు కర్రకి, గాలి ఆడే తెల్లటి గూడులో పెట్టండి.

వీటన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టింది మీ చివరి మాట. ఎండ లెక్కకి మీ ఊరు ఎక్కడుందో తెలిస్తే చాలు. మీ మెసేజ్‌లతో దానికేం పని? వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పంట అమ్మిన డబ్బు పడే ఖాతాకి ఓటీపీ ఆ ఫోన్‌కే వస్తుంది. మెసేజ్‌లు చదవగలిగే యాప్ దాన్ని మీకంటే ముందే చదివేయగలదు. మీకు పంపింది తెలిసిన మనిషే కావచ్చు, ఆయనకి ఎవరు పంపారో ఆయనకే తెలియదు. ముందు నెట్ ఆపి, యాప్ తీసేయండి. యాక్సెసిబిలిటీ అనుమతి కూడా ఇచ్చారేమో సెట్టింగ్స్‌లో చూడండి. అది ఆన్‌లో ఉంటే యాప్ వెనకున్న వాళ్లు మీ తెరను చూడగలరు, మీ బదులు నొక్కగలరు కూడా. వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్, యూపీఐ పిన్ మార్చండి. ఖాతాలో రూపాయి తేడా కనిపించినా వెంటనే బ్యాంకుకి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. వికిరణం అంకెలు నాసా పవర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, అక్కడ వ్యవసాయ విభాగం ఎంచుకుంటే మెగాజౌళ్లలోనే ఇస్తుంది.