బౌద్ధంలో క్లేశాలంటే కష్టాలేనా?

కాదండీ, బౌద్ధంలో క్లేశాలంటే ఉన్నది ఉన్నట్టు కనపడనివ్వకుండా మనసుని కమ్మేసే ఆశ, ద్వేషం, మోహం (అంటే ఇక్కడ అజ్ఞానం), గర్వం, సందేహం లాంటి స్థితులు. మామూలు తెలుగులో క్లేశం అంటే కష్టం కదా, కన్ఫ్యూజన్ అంతా అక్కడే మొదలవుతుంది. పాత బౌద్ధ గ్రంథాల భాష పాళీలో వీటిని కిలేస అంటారు, థేరవాదమనే బౌద్ధ శాఖలో మనసుని విశ్లేషించే గ్రంథాలైన అభిధమ్మం వీటిని 10గా లెక్కేస్తుంది, అన్నిటికీ మూలాలు మాత్రం లోభం (అంటే ఆశే), ద్వేషం, మోహం ఈ మూడే.

ఎలా కమ్మేస్తాయో బుద్ధుడు నీళ్ల గిన్నెతో చెప్పాడు, చాలా గొప్ప పోలిక అది: ముఖం చూసుకుందామని వంగితే రంగు కలిసిన నీళ్లు కామం, సలసలా మరిగేవి కోపం, నాచు పట్టినవి మత్తూ బద్ధకం, గాలికి కదిలేవి అలజడి, చీకట్లో పెట్టిన బురదనీళ్లు సందేహం, ముఖం ఎక్కడికీ పోలేదు కానీ కనపడదు అంతే. మనసుకి అడ్డుపడే ఈ ఐదింటినే నీవరణాలు, అంటే అడ్డంకులు, అంటారు.

చాలామంది బాధపెట్టేదే క్లేశం, హాయిగా ఉంటే కాదు అనుకుంటారు, అది తప్పు. కాలికి దెబ్బ తగిలితే వచ్చే నొప్పి వట్టి వేదన, అంటే బౌద్ధంలో అనుభూతి మాత్రమే, క్లేశం కాదు, ఆ నొప్పి మీద రేగే చిరాకు క్లేశం. పొగడ్త విని లోపల్లోపల ఉబ్బిపోవడం ఎంత తియ్యగా ఉన్నా అదీ క్లేశమే.