మోంటెకాటీని వెళ్ళే ముందు పెద్దమ్మ మాట

తల్లీ,

అమ్మని ఇటలీలోని ఊటనీళ్ళ ఊరు మోంటెకాటీనికి తీసుకెళ్తున్నావని నిన్న రాత్రి అదే ఫోన్ చేసి చెప్పింది. ఫ్లోరెన్స్‌లో చదువుకుంటూ, పార్ట్‌టైమ్ డబ్బులు కూడబెట్టి అమ్మకి ఊళ్ళు చూపించడమంటే మాటలా! పక్కింటావిడకి కూడా చెప్పుకున్నాను. అంతా అయ్యాక ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ, "అక్కా, ఆ వేడినీళ్ళలో దిగితే మోకాళ్ళు బాగుపడతాయట" అంది. అప్పట్నుంచి నాకు టెన్షన్.

దానికి నువ్వే నచ్చజెప్పాలి. ఆ ఊరికి పేరొచ్చింది మునిగే నీళ్ళతో కాదు, తాగే నీళ్ళతో. టెట్టూచియో, రెజీనా, రిన్‌ఫ్రెస్కో, లియోపోల్డినా అని ఒక్కో ఊటకి ఒక్కో పేరు. ఉప్పు ఉప్పగా ఉంటాయి. లివర్‌కీ, అరుగుదలకీ మంచివని పరగడుపున తాగుతారు. తాగి, ఆ స్తంభాల మంటపాల కింద మెల్లగా తిరుగుతారు.

ఇక్కడ మీ పెదనాన్న సంగతి చెప్పాలి. మీ అన్నయ్య పీసాలో చదివే రోజుల్లో మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళాడు. కుళాయి దగ్గరావిడ గ్లాసులో కొంచెం పోసి, నెమ్మదిగా తాగమని చేత్తో సైగ చేసింది. ఈయన వింటేగా! "టికెట్ కొన్నాం కదా" అని లియోపోల్డినా నీళ్ళు గ్లాసు మీద గ్లాసు గటగటా తాగేశారు. అవి విరేచనాల నీళ్ళని మీ అన్నయ్య బోర్డు చదివి చెప్పేసరికే ఆలస్యమైంది. పైగా "నాకేం కాదు, గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి" అంటూ కొండ మీది పాత ఊరికి వెళ్ళే కొండ రైలు మమ్మల్ని ఎక్కించారు. ఎర్రటి చెక్క పెట్టెలు, ఒకటి పైకెళ్తుంటే ఇంకోటి కిందికొస్తుంది, సరిగ్గా సగం దారిలో పక్కపక్కనే తప్పుకుంటాయి. నేనూ అబ్బాయీ కిటికీలోంచి ఆలివ్ చెట్లు చూస్తున్నాం. ఈయన రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, నుదుటి మీద చెమటలతో, "ఇంకెంతసేపురా?" అంటున్నారు. ప్రయాణం పది నిమిషాలే, ఆయనకి మాత్రం పది గంటలు. పైన దిగీ దిగగానే కనిపించిన కాఫీ బార్‌లోకి పరుగు. కాఫీ కొనకుండా బాత్రూమ్ అడగడం బాగోదని మీ అన్నయ్య మూడు కాఫీలు చెప్పాడు. అవి చల్లారిపోయాయి గానీ ఆయన బయటికి రాలేదు. ఊరంతా మేమిద్దరమే చూసొచ్చాం. ఇప్పటికీ ఆ మాటెత్తితే పేపర్ అడ్డం పెట్టుకుంటారు.

నవ్వుకున్నావుగా. కానీ మీ అమ్మకి బీపీ ఉంది, ఒంట్లో నీరు పోతే కళ్ళు తిరుగుతాయి. తనకి ఆ ఉప్పునీళ్ళు వద్దే వద్దు. తాగాలని మారాం చేస్తే మీ డాక్టర్‌ని అడిగాకే. ఎంత చెప్పినా వినదు, చిన్నప్పుడు మామిడికాయలు తినొద్దంటే పరికిణీలో దాచుకుని తినేది. నువ్వు గట్టిగా ఉండాలి.

మోకాళ్ళ కోసమైతే పక్కనే మోన్‌సుమ్మానోలో గ్రొట్టా జూస్తి అనే గుహ ఉంది. 1849లో సున్నపురాయి తవ్వే కూలీలకి బయటపడింది. లోపల వేడి ఆవిరి. గదులకి స్వర్గం, నరకం అని ఇటలీ కవి దాంతె కావ్యంలోని పేర్లు పెట్టారు, అన్నిటికన్నా వేడిగా ఉండేది నరకమే, 34 డిగ్రీల దాకా. బీపీ మనిషిని ఆ ఉక్కలోకి పంపడం నాకిష్టం లేదు. బయట వేడినీళ్ళ కొలనులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే చాలు.

టెట్టూచియో ఊట దగ్గరి కట్టడం మాత్రం చూపించు. బాగుచేతల వల్లో మరోదాని వల్లో మూసి ఉండొచ్చు, ముందే కనుక్కుని బయల్దేరు. లోపల నీళ్ళు పోసిచ్చే కౌంటర్ల వెనక గోడల మీద కాషెల్లా అనే ఆయన చేసిన పింగాణీ బొమ్మలున్నాయి, పసితనం నుంచి ముసలితనం దాకా మనిషి వయసులన్నీ. మీ అమ్మకి బొమ్మలంటే ఇష్టం కదా, వాటి ముందు తొందరపెట్టకు. 2021లో యునెస్కో యూరప్‌లోని పదకొండు స్నానాల ఊళ్ళని కలిపి ప్రపంచ వారసత్వంగా గుర్తిస్తే, వాటిలో ఇటలీ నుంచి ఈ ఊరొక్కటే ఉంది.

కొండ రైలు 1898 నాటిది. మధ్యాహ్నం కాసేపు ఆపుతారు, చలికాలంలో చాలా రోజులు నడవదు, వేళలు చూసుకో. పైన ఊళ్ళో రాళ్ళ వీధులు, ఎత్తుపల్లాలు. అమ్మని చెప్పులతో తీసుకెళ్ళకు, బూట్లు వేయించు.

రైల్లో పేపర్ టికెట్ అయితే ఎక్కే ముందు మెషీన్‌లో ముద్ర వేయించు. ఊళ్ళో రెండు స్టేషన్లున్నాయి, 'సెంట్రో' అన్నదాంట్లో దిగు.

తినడానికి చియాల్దే అని రెండు పల్చటి గుండ్రటి అప్పడాల మధ్య బాదం, పంచదార పెట్టి ఇస్తారు. అందులో గుడ్డు ఉంటుంది, అమ్మ శనివారం నాడైతే ముట్టుకోదు. నాకు మాత్రం ఒక డబ్బా తీసుకురా.

బీపీ మాత్రలు సూట్‌కేసులో కాదు, నీ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టు. మీ అమ్మ దగ్గర ఉంచావో, హోటల్లో మర్చిపోతుంది. దిగగానే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

నీ పెద్దమ్మ