రెండేళ్లయినా ఇంకా గీతాలేనా?

ప్రశ్న: మా పాప రెండేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. ఇంకా గీతాల దగ్గరే, అంటే మొదట్లో నేర్పే చిన్న పాటల దగ్గరే ఉంది. టీచరుని మార్చమంటారా?

మార్చకండి. నేనూ సంగీతం టీచర్నే కాబట్టి సాటి టీచరుని వెనకేసుకొస్తున్నానని అనుకుంటే అనుకోండి. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి ముందుగదిలో పద్దెనిమిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఈ ప్రశ్న నెలకొకరైనా అడుగుతారు. అదీ గుమ్మంలో నిలబడి, చెప్పులు వేసుకుంటూ.

నాలుగేళ్ల కిందటి మాట. నా దగ్గర తొమ్మిదేళ్ల పాప ఒకతి ఉండేది. పక్కన కూర్చున్న పిల్లకి కూడా వినపడనంత చిన్న గొంతు. తనతో చేరిన వాళ్లు గీతాల తర్వాత వచ్చే స్వరజతిలోకి వెళ్లిపోతే తను ఇంకా మలహరి రాగం గీతాల్లోనే ఉంది. వాళ్లమ్మ వచ్చి సరిగ్గా మీలాగే అడిగింది. “డాన్సులో వేసి చూడండి” అని నా నోటి దాకా వచ్చింది కూడా.

ఆ వారమే ఒక సాయంత్రం కరెంటు పోయింది. పాఠానికి ముందు అందరి చేతా అలంకారాలు, అంటే తాళాల్లో కూర్చిన స్వరాల వరుసలు, పాడించడం నా అలవాటు. ధ్రువతాళం నడుస్తోంది, పద్నాలుగు అక్షరాలు, రెండో కాలం, అంటే రెట్టింపు వేగం. ఫ్యానుతో పాటు శ్రుతి పెట్టె కూడా ఆగింది. పాడేవాళ్లకి ఆధారంగా సా మోగిస్తూ ఉండే పాత పెట్టె, కరెంటు మీదే నడిచేది. ఆపకండి అని నేనూ వాళ్లతో గొంతు కలిపాను. కాసేపటికి చూస్తే ఈ పిల్ల నోరు మూసుకుని తొడ మీద తాళం మాత్రం వేస్తోంది. అసలే మే నెల ఉక్కపోత, నాకు ఒళ్లు మండింది. “ఏమ్మా, కరెంటుతో పాటు నీ గొంతు కూడా పోయిందా?” అన్నాను. అందరూ నవ్వారు.

“అందరూ కిందికి దిగిపోయారు టీచర్. నాకు కలవట్లేదు” అంది, తల ఎత్తకుండా.

“కబుర్లు చెప్పకు, పాడు” అన్నాను. కళ్లనీళ్లు పెట్టుకుంది గాని పాడలేదు.

కాసేపటికి కరెంటు వచ్చింది, పెట్టె మోగింది. ఐదున్నర శ్రుతిలో ఉండాల్సిన క్లాసంతా ఐదుకి, అంటే ఒక మెట్టు కిందికి, జారిపోయి ఉంది. నాతో సహా. పెట్టె దారి పెట్టెది, మా దారి మాది, వినలేకపోయాం. “ఏదీ, నువ్వు సా అను” అన్నాను ఆ పిల్లని. అంది. పెట్టె మోతలో కలిసిపోయింది, పాడిందో లేదో తెలియనంతగా.

స్వరజతి పాడుతున్న నలుగురికి తెలియలేదు. నాకూ తెలియలేదు. నేను మాత్రం రెండేళ్లుగా ఆ పిల్లకి ఏమీ రావట్లేదనుకుంటున్నాను.

అందుకే చెబుతున్నా, ఎన్ని పాటలు వచ్చాయని లెక్కపెట్టకండి. చెవి ముందు పండుతుంది, గొంతు తర్వాత. టీవీ పోటీలొచ్చాక ఈ మాట వినేవాళ్లే లేరు. చేరిన మూడో నెలకే “దసరాకి ఏదైనా పాట నేర్పండి, వీడియో తీసి గ్రూపులో పెట్టుకుంటాం” అంటారు. “బాలమురళి గారు ఎనిమిదో ఏటే కచేరీ చేశారు కదండీ, అదీ మన బెజవాడలోనే” అని ఒకాయన నాకే చెప్పాడు. చేశారు. ఆయన నాన్నగారు వేణువు విద్వాంసులు, గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. మీ ఇంట్లో టీవీ ఆగేది ఎన్నింటికండీ అని అడిగాను. మర్నాటి నుంచి రాలేదు.

ఇంకో బాధ, ఎనిమిదో తరగతికి రాగానే స్టడీ అవర్లు. గొంతు అప్పుడే కాస్త దారిలో పడుతుంది, సరిగ్గా అప్పుడే మానిపిస్తారు. కరోనా రోజుల్లో ఫోన్లో చెప్పిన పాఠాల సంగతి అసలు అడగకండి. నేను వేసిన తాళం దెబ్బ వాళ్లకి చేరేసరికి నేను తర్వాతి దెబ్బలో ఉండేదాన్ని. ఆ బ్యాచ్‌కి తాళం ఇప్పటికీ తిన్నగా నిలవదు.

మీ పాప సంగతికొస్తే, ఇంట్లో శ్రుతి పెట్టి గీతం మొదలుపెట్టించండి. కాస్త పాడాక శ్రుతి ఆపండి, పాట ఆపనివ్వకండి. పూర్తయ్యాక మళ్లీ పెట్టి సా అనమనండి. కలిస్తే మీ టీచరుకి పండూ తాంబూలం ఇచ్చి రండి. కలవకపోయినా, అయ్యో కలవలేదని తనంతట తనే సర్దుకుంటే అదీ మంచి సంగతే. ఏమీ తెలియకుండా పాడుకుంటూ పోతే అప్పుడు టీచరుని కలవండి, గుమ్మంలో కాదు, లోపలికొచ్చి కూర్చుని.

ఆనాటి నా చిన్నగొంతు పిల్ల ఇప్పుడు స్వరజతి దాటి వర్ణంలో ఉంది. గొంతు ఇప్పటికీ చిన్నదే. వాళ్లమ్మ మొన్న అడిగింది, ఈ వర్ణం ఎప్పటికి అవుతుందండీ అని.