టెక్ సందేహాలు: ఉపాధ్యాయులు ఎడ్‌టెక్ రంగంలోకి రావాలంటే కోడింగ్ తప్పనిసరా?

సందేహం: పదిహేనేళ్లుగా బడిలో గణితం బోధిస్తున్నాను. రేఖాగణితం చెప్పేందుకు జియోజీబ్రా వాడటంతో మొదలైన ఆసక్తి, ఇప్పుడు విద్యా సాంకేతికత రంగంలోకే మారిపోవాలనేంత వరకు వచ్చింది. ఇందుకు పైథాన్ వంటి భాష నేర్చుకోవాలా? ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి? ఉద్యోగం మానేసి పూర్తికాలం చదవడం అవసరమా?

జవాబు: చివరి ప్రశ్నకు ముందుగా జవాబిస్తాను. ఉద్యోగం మానవద్దు, కనీసం ఇప్పుడే వద్దు. ఈ రంగంలో మీకున్న మూలధనం మీ తరగతి గదే కాబట్టి, దాన్ని వదులుకుని ఏ అనుభవమూ లేనివారితో పాటు వరుసలో నిలబడటం వల్ల ఒరిగేదేమీ లేదు.

కోడింగ్ తప్పనిసరి కాదు. ఉపాధ్యాయులు ఈ రంగంలో సాధారణంగా చేరే పనులు మూడు రకాలు: పాఠంలో ఏది ముందు రావాలో, ఎక్కడ ప్రశ్న అడగాలో నిర్ణయించే ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ పని, మూడుల్ వంటి ఎల్‌ఎంఎస్‌ను (పాఠాలు, క్విజ్‌లు, మార్కులు ఒకేచోట ఉంచే సాఫ్ట్‌వేర్‌ను) నిర్వహించే పని, తోటి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే పని. వీటిలో దేనికీ రోజూ ప్రోగ్రాములు రాయాల్సిన అవసరం రాదు. పైథాన్ కంటే ముందు స్ప్రెడ్‌షీట్‌ను గట్టిగా పట్టుకోండి, మార్కుల పట్టికలను ఫిల్టర్ చేసి విశ్లేషించడం వస్తే చాలా దూరం వెళ్లవచ్చు.

మీకు మాత్రమే తెలిసినదేమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. 0.35, 0.4లలో ఏది పెద్దదని అడిగితే చాలామంది పిల్లలు 0.35 అంటారు. 35 నాలుగు కంటే పెద్దది కదా అన్నది వారి లెక్క. దశాంశ బిందువు తర్వాతి అంకెలను విడి పూర్ణసంఖ్యగా చదవడం వల్ల వచ్చే తప్పు ఇది. మరికొందరు, అంకెలు ఎక్కువైతే ముక్కలు చిన్నవవుతాయని నమ్మి, ఎన్ని అంకెలుంటే సంఖ్య అంత చిన్నదనుకుంటారు. వీరు ఈ ప్రశ్నకు 0.4 అని సరైన జవాబే చెబుతారు గానీ, 0.45, 0.3 ఇచ్చినప్పుడు దొరికిపోతారు. కాబట్టి మొదటి ప్రశ్న ఒక్కటే అడిగి ఊరుకునే క్విజ్, రెండో రకం పిల్లలకు పూర్తి మార్కులు వేసి పంపేస్తుంది. ఈ రెండు ప్రశ్నలనూ పక్కపక్కన పెట్టాలన్న ఆలోచన ప్రోగ్రామర్‌కు రావడం కష్టం, ఏటా ఆ నోటుపుస్తకాలు దిద్దే మీకు సహజంగా వస్తుంది.

మూడుల్‌లో బహుళైచ్ఛిక ప్రశ్న తయారుచేసేటప్పుడు ప్రతి ఐచ్ఛికానికీ విడిగా స్పందన రాసే గడి ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు, లేదా అన్నింటికీ ‘తప్పు, మళ్లీ ప్రయత్నించండి’ అని నింపేస్తారు. మీ పదిహేనేళ్ల అనుభవం వెళ్లాల్సింది సరిగ్గా ఆ గడిలోకే. 1953లో మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ తన కుమార్తె గణిత తరగతికి వెళ్లినప్పుడు, చేసిన లెక్క ఒప్పో తప్పో పిల్లలకు వెంటనే తెలియకపోవడం గమనించి, బోధన యంత్రాల తయారీకి పూనుకున్నారు. ఒప్పా తప్పా అన్నది ఇప్పుడు ఏ యాప్ అయినా క్షణంలో చెప్పేస్తుంది. ఎందుకు తప్పయిందో చెప్పే యాప్‌లు మాత్రం ఇప్పటికీ తక్కువే.

మూడుల్ క్విజ్‌కు గణాంకాల నివేదిక కూడా ఉంది, గణితం వారు కనుక మీకు నచ్చుతుంది. అందులోని ఫెసిలిటీ ఇండెక్స్, ఒక ప్రశ్నకు విద్యార్థులు సగటున ఎంత శాతం మార్కు తెచ్చుకున్నారో చెబుతుంది. డిస్క్రిమినేషన్ ఇండెక్స్, ఆ ప్రశ్నలో వచ్చిన మార్కుకూ మిగతా క్విజ్‌లో వచ్చిన మార్కులకూ ఉన్న పొంతనను చూపుతుంది. అది రుణాత్మకంగా వచ్చిందంటే, మిగతావన్నీ బాగా చేసినవారే ఆ ప్రశ్నలో దెబ్బతిన్నారని అర్థం. అప్పుడు పిల్లలను కాక ముందుగా మీ జవాబుల పట్టికను అనుమానించండి. అయితే ముప్పై మంది ఉన్న ఒక్క తరగతి అంకెలతో పెద్ద తీర్మానాలు చేయకూడదన్నది కూడా మీకు తెలిసిందే.

ఇక మొదలుపెట్టడం. ఒకే ఒక పాఠ్యాంశం తీసుకోండి. తెర మీద ఏది ఎప్పుడు రావాలో ముందు కాగితం మీద స్టోరీబోర్డుగా గీసుకోండి. తర్వాత హెచ్‌5పీతో దాన్ని తయారుచేయండి. ఇది ఉచితం, వీడియో మధ్యలో ఆపి ప్రశ్న అడిగే ఏర్పాటు దీనిలో ఉంది, మూడుల్‌లోనూ పనిచేస్తుంది. తరగతిలో వాడి, పిల్లలు ఎక్కడ ఆగిపోయారో రాసుకుని, మార్చి, రెండోసారి వాడండి. రెండు రూపాలనూ దాచి ఉంచండి. నియామకం చేసే స్థానంలో నేనుంటే, మెరుగులు దిద్దిన తుది పాఠం కంటే ఆ రెంటి మధ్య మీరు ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నదే అడుగుతాను. ఆన్‌లైన్ సర్టిఫికెట్ల దొంతర చూపించేవారికి ఈ ప్రశ్న దగ్గర గొంతు తడారిపోవడం చూశాను.

అయితే ఆ నమూనాలు బయటివారికి చూపేముందు తెరపట్టులలో (స్క్రీన్‌షాట్లలో) పిల్లల పేర్లు, మార్కులు, ముఖాలు లేకుండా చూసుకోండి. ఉద్యోగంలో ఉండగా తయారుచేసిన పాఠాల హక్కులు ఎవరివో మీ ఒప్పందంలో చదివి, అనుమానముంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఇతరుల బొమ్మలు వాడితే వాటి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పే అనుమతి) చూడండి, అన్నింటినీ వ్యాపార అవసరాలకు వాడుకోనివ్వరు.

ఇంటర్వ్యూలలో స్కార్మ్ అనే మాట వినిపిస్తుంది, కంగారు పడవద్దు. ఒకచోట తయారైన పాఠం వేరే ఎల్‌ఎంఎస్‌లో కూడా నడిచేలా కట్టే మూట పద్ధతి అది. పాఠం పూర్తయిందా, ఎంత స్కోరు వచ్చింది, ఎంత సమయం పట్టింది వంటివి అది మోసుకెళ్తుంది. 2001 నాటి 1.2 రూపం ఇంకా వాడుకలో ఉంది. 2013లో వచ్చిన ఎక్స్‌ఏపీఐ అనే మరో పద్ధతి ఇంతకంటే సూక్ష్మమైన వివరాలను నమోదు చేయగలదు. మొదట ఈమాత్రం తెలిస్తే సరిపోతుంది.

సందేహం: లెక్కలు చేస్తూ పాఠాలు రికార్డు చేస్తున్నాను. మౌస్‌తో రాస్తే అక్షరాలు వంకర పోతున్నాయి, వెనుక ఫ్యాను శబ్దం వస్తోంది. ఒకసారి ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయి, నలభై నిమిషాల వీడియో ఫైలు తెరుచుకోలేదు.

జవాబు: మౌస్‌తో గణితం రాయడం ఎవరికీ రాదు. కంప్యూటర్‌కు తగిలించి కలంతో రాసే, తెర లేని మామూలు పెన్ టాబ్లెట్ చాలు. చేయి ఒకచోట, చూపు మరోచోట ఉండటం మొదటి కొద్ది రోజులు ఇబ్బందిగా ఉండి, తర్వాత అలవాటవుతుంది. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉంచండి. మాట్లాడకముందు కొన్ని క్షణాలు నిశ్శబ్దంగా రికార్డు చేస్తే, ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ఆ భాగాన్ని నమూనాగా చూపి ఫ్యాను శబ్దాన్ని తగ్గించవచ్చు, మరీ తగ్గిస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. ఫైలు పాడవడానికి కారణం ఎంపీ4 రూపం కావచ్చు. మామూలు ఎంపీ4లో ఫైలు తెరవడానికి కావలసిన సూచిక రికార్డింగు ముగిశాకే రాయబడుతుంది, మధ్యలో ఆగితే అది ఉండదు. తెరను రికార్డు చేసే ఓబీఎస్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో ఎంకేవీ అనే మరో వీడియో రూపంలో రికార్డు చేసి, తర్వాత అందులోని రీమక్స్ ఐచ్ఛికంతో ఎంపీ4గా మార్చుకోండి. నాణ్యత తగ్గదు, సమయమూ పెద్దగా పట్టదు.

సందేహం: మా బడి కంప్యూటర్ గదికి ఇంటర్నెట్ లేదు. డిజిటల్ పాఠాలు ఎలా చూపాలి?

జవాబు: లెర్నింగ్ ఈక్వాలిటీ సంస్థ ఉచితంగా ఇచ్చే కోలిబ్రి సరిగ్గా ఇలాంటి గదుల కోసమే తయారైంది. ఇంటర్నెట్ ఉన్నచోట ఒక కంప్యూటర్‌లోకి పాఠాలు దింపుకుని, దాన్ని గదిలోని రూటర్‌కు కలిపితే, మిగతా కంప్యూటర్లు బ్రౌజర్‌లోనే ఆ పాఠాలు తెరుస్తాయి. వీడియోలు ఎక్కువ చోటు తీసుకుంటాయి కాబట్టి ఛానల్ (అందులోని పాఠాల సంపుటి) మొత్తం దింపకుండా మీకు కావలసిన అధ్యాయాలను మాత్రమే ఎంచుకోండి.