టెక్ సందేహాలు: డీవీడీలో ఆ ఏడు నిమిషాలు ఏమయ్యాయి?

ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో పాత సినిమాల గురించి అడిగినవే ఎక్కువ. అందుకే ఈసారి మొత్తం వాటికే కేటాయించాను. అడిగినవాళ్లలో చాలామంది ఇంట్లో అమ్మానాన్నల కోసం అడిగారు. కాబట్టి ఇంట్లో ఎవరైనా చేసుకోగలిగేలా జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా దగ్గరున్న ‘మాయాబజార్’ డీవీడీ 176 నిమిషాలకే అయిపోతోంది. సినిమా నిడివి 184 నిమిషాలని అన్నిచోట్లా రాసి ఉంది. ఏ సీన్లు కోసేసి ఉంటారు? ఇంకో సందేహం. మా నాన్నగారు హార్మోనియం వాయిస్తారు. ఈ డీవీడీలో పాటలకు శ్రుతి కలవడం లేదంటున్నారు. (విజయవాడ నుంచి)

జవాబు: మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. బహుశా మీ డీవీడీలో ఏ సీనూ పోలేదు, సినిమానే కాస్త వేగంగా నడుస్తోంది.

సినిమాను సెకనుకు 24 ఫ్రేముల (విడి బొమ్మల) చొప్పున తీస్తారు. మన దేశంలో టీవీకి వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు ఉంటాయి. పాత సినిమాను పాల్‌లోకి మార్చేటప్పుడు ఎక్కువగా చేసేది, ఉన్న ఫ్రేముల్నే 25 చొప్పున తిప్పెయ్యడం. దాంతో సినిమా నాలుగు శాతం వేగంగా నడుస్తుంది. 24ను 25తో భాగిస్తే 0.96. 184 నిమిషాలను దానితో గుణించి చూడండి. 176 నిమిషాల 38 సెకన్లు వస్తుంది. మీ డీవీడీ లెక్క సరిగ్గా అక్కడికే వచ్చింది.

వేగం పెరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది. హార్మోనియం మీద చెప్పాలంటే, దాదాపు ముప్పాతిక మెట్టు పైకి జరుగుతుంది. అందుకే ఘంటసాల గొంతు ఏ మెట్టు మీదా సరిగ్గా కూర్చోక రెండు మెట్ల మధ్య ఉండిపోతుంది. అది పట్టుకున్నారంటే మీ నాన్నగారి చెవి చాలా గొప్పది.

నిర్ధారించుకోవాలంటే మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డీవీడీలోని ఫైలును తెరవండి. ఫ్రేమ్ రేట్ దగ్గర 25 ఉంటే నేను చెప్పిందే కారణం. 29.97 గానీ 23.976 గానీ ఉంటే అది ఎన్‌టీఎస్‌సీ అనే అమెరికా టీవీ పద్ధతి డిస్క్, అందులో సినిమా వేగం ఇలా పెరగదు. మన దేశంలో అమ్మిన డీవీడీల్లో ఇవీ బాగానే ఉన్నాయి. ఆ డిస్క్‌లో ఏడు నిమిషాలు తగ్గితే మాత్రం నిజంగానే ఎక్కడో కత్తెర పడినట్టు.

సరైన వేగంతో చూడాలంటే కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్ తెరిచి, ప్లేబ్యాక్ స్పీడ్‌ను 0.96కి తగ్గించండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. వేగం మారినా శ్రుతి మారకుండా వీఎల్‌సీ తనంతట తానే సర్దేస్తుంది. మనకు కావలసింది శ్రుతి కూడా తగ్గడం. ప్రిఫరెన్సెస్‌లో కింద ‘ఆల్’ ఎంచుకుని, ఆడియో విభాగంలో ‘టైమ్ స్ట్రెచింగ్ ఆడియో’ అన్నచోట టిక్ తీసేయండి. ఆ తర్వాత పాట పెట్టి నాన్నగారిని హార్మోనియం తీయమనండి.

ప్రశ్న: కొత్తగా 55 అంగుళాల టీవీ కొన్నాం. పాత సినిమాల్లో అందరూ లావుగా, పొట్టిగా కనిపిస్తున్నారు. పైగా సినిమా చూస్తున్నట్టు లేదు, సీరియల్ చూస్తున్నట్టుంది. టీవీలో లోపమా? (కరీంనగర్ నుంచి)

జవాబు: టీవీలో లోపం లేదు. ఇవి రెండు వేర్వేరు సెట్టింగ్స్ వల్ల వచ్చిన ఇబ్బందులు.

మొదట లావు సంగతి. సినిమాస్కోప్ రాకముందు సినిమా బొమ్మ దాదాపు 4:3 కొలతలో ఉండేది. మీ టీవీ 16:9. బొమ్మను నిజాయితీగా చూపిస్తే తెరకు రెండు పక్కలా నల్లటి పట్టీలు రావాలి. డబ్బులు పెట్టి కొన్న టీవీలో ఖాళీ జాగా ఎందుకని చాలామందికి అనిపిస్తుంది. అందుకే చానల్ వాళ్లో, సెట్‌టాప్ బాక్సో, టీవీయో బొమ్మను అడ్డంగా సాగదీసి నింపేస్తుంది. విజయా వారి సినిమాల్లో చందమామకు కొదవ లేదు కదా, ఈసారి తెర మీదకు వచ్చినప్పుడు చూడండి. గుండ్రంగా కాకుండా అడ్డంగా పడుకోబెట్టిన కోడిగుడ్డులా ఉంటే బొమ్మ సాగినట్టే. టీవీలో పిక్చర్ సైజ్‌ను ‘4:3’ గానీ ‘ఒరిజినల్’ గానీ చేయండి. దారికి రాకపోతే సెట్‌టాప్ బాక్స్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో కూడా అదే మార్పు చేయండి.

సాగదీయడం కంటే దారుణం ఇంకొకటుంది. బొమ్మను పెద్దది చేసి పైనా కిందా కోసెయ్యడం. 4:3 బొమ్మను ఇలా 16:9లోకి తెస్తే నాలుగో వంతు పోతుంది. మనుషులు సరైన ఆకారంలోనే కనిపిస్తారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పౌరాణికాల్లో దీన్ని పట్టుకోవడం తేలిక. కిరీటాల పైకొనలు తెగిపోతున్నాయా? నాట్యం జరుగుతుంటే గజ్జెలు కనిపించక మోకాళ్ల దగ్గరే బొమ్మ ఆగిపోతోందా? అయితే కోసేసిన కాపీనే మీకు చూపిస్తున్నారు. మీ టీవీలో ‘జూమ్’ లాంటిది ఏదైనా ఆన్‌లో ఉంటే తీసేయండి. చానల్ వాళ్లే కోసి పంపితే మాత్రం మీ రిమోట్‌లో ఏ బటనూ దాన్ని తిరిగి తేలేదు. నాకు మనసు కష్టమనిపించేది ఇక్కడే. ‘మాయాబజార్’ ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ అంచులదాకా ఆలోచించి పెట్టిన ఫ్రేమును, నల్ల పట్టీ కనిపించకూడదని కోసెయ్యడం అన్యాయం.

‘మాయాబజార్’కు 2010లో రంగులద్ది, సినిమాస్కోప్‌లోకి మార్చి విడుదల చేశారు. ఆ శ్రమ తక్కువది కాదు, దానివల్ల కొత్త తరం థియేటర్‌కు వచ్చింది కూడా. కానీ సినిమా మొదటిసారి చూసేవాళ్లకు నలుపు తెలుపు కాపీనే పెట్టండి. 1957లో వెలుగునీడలు కూర్చింది ఆ రెండు రంగుల కోసమే.

ఇక సీరియల్ గోల. సెకనుకు 24 ఫ్రేములున్న సినిమాకు కొత్త టీవీలు మధ్యమధ్యలో సొంతంగా ఫ్రేములు పుట్టించి కలుపుతాయి. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, ఇలా ఒక్కో కంపెనీది ఒక్కో పేరు. దాన్ని ఆపేయండి. మీ టీవీలో ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ఉంటే ఇంకా సులువు. అది ఈ ఫ్రేముల కల్పననూ, బొమ్మలోని గరుకును నున్నగా చేసే నాయిస్ రిడక్షన్‌నూ ఒకేసారి ఆపి, బొమ్మ కొలతను కూడా మార్చకుండా ఉంచుతుంది.

ప్రశ్న: యూట్యూబ్‌లో పాత సినిమాలకు ‘4కె’ అని పెడుతున్నారు. తెరిస్తే మసకగానే ఉంటున్నాయి. మా నెట్ స్పీడ్ తక్కువ కావడం వల్లేనా? (హైదరాబాద్ నుంచి)

జవాబు: వీడియో క్వాలిటీలో 2160పి (అంటే 4కె) ఎంచుకున్నా మసకగా ఉంటే నెట్‌ది తప్పు కాదు. 35 ఎంఎం నెగెటివ్ బాగుంటే, దాన్ని సరిగ్గా స్కాన్ చేస్తే 4కె స్థాయి వివరాలు నిజంగానే వస్తాయి. కానీ చాలా తెలుగు సినిమాల విషయంలో జరిగింది అది కాదు. ఎప్పుడో శాటిలైట్ చానళ్ల కోసం ఒక ప్రింటును వీడియో టేపు మీదకు ఎక్కించారు. టీవీలో వచ్చిందీ, వీసీడీ అయిందీ, ఇప్పుడు యూట్యూబ్‌లో ఉన్నదీ ఆ టేపులోని బొమ్మే. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో పెద్దది చేస్తే ఫైలు సైజు 4కె అవుతుంది, బొమ్మలో వివరం మాత్రం టేపులో ఉన్నంతే.

పోల్చుకోవడానికి టైటిల్స్ చూడండి. బొమ్మను ఆపి, తెలుగు అక్షరాల తలకట్లు, వత్తులు దగ్గరగా చూడండి. ఫిల్మ్ నుంచి స్కాన్ చేసినదైతే అంచులు పదునుగా ఉండి, తెరంతా సన్నటి ఇసుకలాంటి గ్రెయిన్ కదులుతూ ఉంటుంది. టేపును సాగదీసినదైతే క-వత్తు, త-వత్తు ముద్దకట్టి ఒకేలా కనిపిస్తాయి. ఏఐతో మెరుగుపెట్టినవాటిలో దగ్గరగా తీసిన ముఖాలు నున్నగా మైనం పూసినట్టుండి, వెనక నిలబడ్డ జనం ముఖాలు అలుక్కుపోతాయి. ఒకే సినిమా నాలుగైదు చానళ్లలో ఉంటే ఈ పరీక్ష చేసి మంచిది ఎంచుకోండి. చాలాసార్లు 4కె అని రాయని కాపీయే బాగుంటుంది.

ప్రశ్న: ఓటీటీలో సగం చూసి ఆపిన పాత సినిమా వారం తర్వాత మాయమైంది. డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నది కూడా తెరుచుకోవడం లేదు. (డల్లాస్ నుంచి)

జవాబు: లైసెన్సు గడువు అయిపోయి ఉంటుంది. యాప్‌లో డౌన్‌లోడ్ అంటే తాళం వేసిన ఫైలు, తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంటుంది. హక్కులు దేశాలవారీగా అమ్ముతారు కాబట్టి ఇక్కడ ఉన్న సినిమా మీకు అక్కడ కనిపించకపోవచ్చు. ఇప్పుడు ఎక్కడుందో జస్ట్‌వాచ్ సైట్‌లో దేశం మార్చి వెతకండి. పాత సినిమాల పేర్లు ఇంగ్లిష్‌లో ఒక్కోచోట ఒక్కోలా రాస్తారు, రెండుమూడు రకాల స్పెల్లింగ్‌లతో ప్రయత్నించండి.

ప్రశ్న: అమ్మ దాచుకున్న వీసీడీలు పెట్టె నిండా ఉన్నాయి. ప్లేయర్ పాడైంది, ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లేదు. అన్నీ యూట్యూబ్‌లో దొరుకుతున్నప్పుడు వీటిని పారేయవచ్చా? (రాజమహేంద్రవరం నుంచి)

జవాబు: దయచేసి పారేయకండి. అన్నీ దొరకవు. దొరికినా, పాటో హాస్య సన్నివేశమో తీసేసిన కాపీలు ఎన్నో ఉన్నాయి. మీ పెట్టెలో ఉన్నదే పూర్తి కాపీ కావచ్చు. మన 1930ల టాకీల్లో చాలావాటికి ఇప్పుడు ప్రింటే లేదు. ఇళ్లలో మిగిలిన కాపీలను అంత తేలిగ్గా తీసెయ్యకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

యూఎస్‌బీతో పనిచేసే డీవీడీ డ్రైవ్ ఒకటి కొనండి, వీసీడీలను కూడా చదువుతుంది. డిస్క్‌ను మెత్తటి పొడిగుడ్డతో మధ్య నుంచి అంచువైపు తుడవండి, గుండ్రంగా రుద్దవద్దు. డిస్క్ తెరిస్తే ఎంపెగ్‌ఏవీ (MPEGAV) అనే ఫోల్డర్‌లో .DAT అనే ఎక్స్‌టెన్షన్‌తో పెద్ద ఫైలు ఉంటుంది. దాన్ని అలాగే కాపీ చేసుకోండి, వీఎల్‌సీలో నడుస్తుంది. వేరే ఫార్మాట్‌లోకి మార్చవద్దు, 4కె చేస్తామనే యాప్‌ల జోలికి అసలే పోవద్దు. వీసీడీ బొమ్మ 352×288 పిక్సెళ్లే, మార్చిన ప్రతిసారీ ఉన్న కాస్తా తగ్గుతుంది. ఒక డిస్క్‌లో పట్టేది 74 నిమిషాలే కాబట్టి మూడు గంటల సినిమా మూడు డిస్కులుగా వస్తుంది. ఫైలు పేరులో సినిమా పేరు, సంవత్సరం, డిస్క్ నంబరు రాయండి. కాపీ మధ్యలో ఆగితే డిస్క్‌ను మళ్లీ తుడిచి, ఇంకో డ్రైవ్‌లో ప్రయత్నించండి. ఒక డ్రైవ్ చదవలేని గీతను ఇంకోటి చదివేస్తుంది. అన్నీ అయ్యాక రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో పెట్టండి.

పెట్టెలో వీడియో క్యాసెట్లు కూడా ఉంటే, టేపు అంచున తెల్లటి బూజు ఉందేమో వెలుతురులో చూడండి. మీ ఊరి తేమకు బూజు పట్టడం మామూలే. బూజు పట్టినదాన్ని వీసీఆర్‌లో పెట్టవద్దు, అది టేపును చదివే హెడ్‌కు అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. వాటిని విడిగా పొడిచోట ఉంచి, టేపు శుభ్రం చేయడం తెలిసినవాళ్లకు ఇవ్వండి.

ప్రశ్న: 60 ఏళ్లు దాటిన సినిమాకు కాపీరైట్ ఉండదట కదా. నా చానల్‌లో పెట్టుకోవచ్చా? (తిరుపతి నుంచి)

జవాబు: మన చట్టం ప్రకారం సినిమాకు కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు. 1957 సినిమాకు అది 2017 చివరితో ముగిసింది. అయితే కథ, పాటల సాహిత్యం, సంగీతం లాంటి రచనలకు హక్కుల లెక్క వేరు. వాటికి రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు రక్షణ ఉంటుంది. తర్వాత రంగులద్దిన కాపీల సంగతి కూడా వేరే. యూట్యూబ్ ఆటోమేటిక్ వ్యవస్థ పాట వినగానే మ్యూజిక్ కంపెనీ తరఫున క్లెయిమ్ పెట్టే అవకాశం ఎక్కువ. లాయర్‌ను అడగకుండా పూర్తి సినిమా పెట్టవద్దు. ఇంట్లో చూసుకోవడానికైతే మీ డిస్క్ మీ దగ్గర ఉంది కదా.