తేలిక తూటాతో జింక వేట తగునా?

ప్రశ్న: టెక్సాస్‌లో ఉంటున్న మా తమ్ముడు తెల్లతోక జింకల వేటకు లైసెన్సు తీసుకున్నాడు. కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్ని భుజానికి తగిలే దెబ్బ తగ్గుతుందని .243 వించెస్టర్ రైఫిల్‌లో 55 గ్రెయిన్ల తూటా వాడతానంటున్నాడు. అది సరిపోతుందా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: సరిపోదు. 55 గ్రెయిన్లంటే సుమారు 3.6 గ్రాములు. ఆ బరువులో దొరికే తూటాలు చాలావరకు చిన్న జంతువుల కోసం పలుచని రాగి తొడుగుతో చేసినవి కాబట్టి, అతివేగంగా వెళ్లి జింక భుజపుటెముకకు తగలగానే ముక్కలైపోయి, గుండెనూ ఊపిరితిత్తులనూ చేరకుండా పైపైనే పెద్ద గాయం చేసే ప్రమాదం ఉంది. అలా గాయపడిన జంతువు పొదల్లోకి పారిపోయి గంటల తరబడి నరకయాతన పడుతుంది. వేటగాడు అన్నిటికన్నా ముందు తప్పించవలసింది అదే.

1955లో వచ్చిన ఈ .243 వించెస్టర్ రకానికి జింకల విషయంలో 90 నుంచి 100 గ్రెయిన్ల తూటా నమ్మదగినది. భుజానికి తగిలే దెబ్బ అప్పటికీ తక్కువే. తేలికదే కావాలనుకుంటే, సీసం లేకుండా పూర్తిగా రాగితో చేసిన 80, 85 గ్రెయిన్ల తూటాలు పువ్వులా విచ్చుకున్నా బరువు కోల్పోకుండా లోతుగా దిగుతాయి. అంటే బరువుకన్నా నిర్మాణమే ముఖ్యం. ఏది ఎంచుకున్నా, వేటకు ముందు తన రైఫిల్‌తోనే గురి పరీక్షించుకోమనండి.

మన దేశంలో మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకలను వేటాడడం నేరం.